నున్నటి నలభై చిప్పలు

"ఆ గీతలు అరగదీయకమ్మా!"

అమ్మాయి ఉలిక్కిపడింది. చేతిలోని చిప్ప జారి బల్ల మీద పడింది.

గుమ్మంలో ఓ ముసలావిడ. మ్యూజియం చూడ్డానికి వచ్చి, దారి తప్పి పని గదిలో దూరినట్టుంది.

ఆ అమ్మాయిని అక్కడ అందరూ 'టెంపరరీ' అనే పిలుస్తారు. మూడేళ్లుగా అదే ఉద్యోగం, అదే పేరు. నెలాఖరుతో గడువు సరి. కొత్త హాలు తళతళలాడితే ఇంకో ఏడాది ఉంచుతానని పెద్దసారు ఆశ పెట్టాడు. అందుకే, చీటీలు ఎప్పుడో ఊడిపోయి మూలపడిన సముద్రపు చిప్పలు నలభై ముందేసుకుని సాన పడుతోంది. కోట్ల ఏళ్ల కిందట రాళ్లయిపోయిన చిప్పలవి.

"పురుగు తిన్న చిప్పలు బామ్మగారూ! నలుగురూ చూసేవి, నదురుగా ఉండొద్దూ?"

"తినలేదమ్మా. ఓ ప్రాణి వీటినంటుకుని కాపురం చేసింది. ఒళ్లంతా మెత్తన. ఎముకా లేదు, పెంకూ లేదు. చచ్చాక ఆనవాలైనా మిగల్లేదు. అది బతికిందనడానికి ఈ గీతలూ, ఈ సూదిపోటు గుంటలే సాక్ష్యం."

"ఎవరు చెప్పారేం?"

"చూస్తే తెలిసింది."

"చూస్తేనే తెలిసిపోతే ఇక్కడ ఇంతమంది సార్లు దేనికండీ?"

ఆవిడ నొచ్చుకోలేదు. పైగా నవ్వింది.

"నీ ఉద్యోగం పర్మనెంటేనా?"

"నా మొహానికి అదొకటా! నెలాఖరుకి ఇంటికే."

మర్నాడు ఆవిడ భూతద్దం పట్టుకుని మళ్లీ వచ్చింది. అప్పటికి ఇరవై ఆరు చిప్పలు నున్నగా తయారయ్యాయి. వాటిని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. మిగిలిన పద్నాలుగూ ఒళ్లో పోసుకుని లేవనంటే లేవనంది.

టెంపరరీకి ఒళ్లు మండిపోయింది.

"మీకేం, ఊసుపోక వస్తారు! నా నోటికాడి ముద్ద పడగొడతారా?"

వాచ్‌మన్ ఆవిడ రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు. భూతద్దం కింద పడి పగిలింది. టెంపరరీ పంతం కొద్దీ ఆ సాయంత్రమే పద్నాలుగూ అరగదీసేసింది.

హాలు తెరిచారు. చిప్పలు మెరిసిపోయాయి. పెద్దసారు అందరి ముందూ ఆమె భుజం తట్టాడు.

పదో రోజున ఆయనే ఓ ఉత్తరం పట్టుకుని పని గదికి పరుగున వచ్చాడు. మొహాన నెత్తురు చుక్క లేదు.

"గీతలున్న చిప్పలేవీ?"

"హాల్లోనే ఉన్నాయి కద సార్."

"గీతలేవీ అంటున్నా!"

ఆయన ఉత్తరం బల్ల మీదకి విసిరాడు.

ఏదో పరిశోధన సంస్థ రాసింది. ఆ నలభై చిప్పల్నీ కనిపెట్టుకుని ఉండటానికి ఓ శాశ్వత ఉద్యోగం ఇస్తున్నారట. గీతలు చెక్కుచెదరకుండా ఉండాలన్నది ఒక్కటే షరతు.

ఆమె కాగితం తిప్పింది.

"ఆ ప్రాణి ఉనికిని లోకానికి తొలిసారి చాటి, ఆ చిప్పల్ని మీకు దానమిచ్చిన మా పెద్ద శాస్త్రవేత్త మొన్ననే కన్నుమూశారు. మీ పని గదిలోని అమ్మాయిని మొదటిసారి కలిసిన సాయంత్రమే, ఉన్న ఆస్తంతా మా సంస్థకు రాసిచ్చి, ఈ ఉద్యోగం ఆమెకే ఇవ్వమన్నారు."