గుండెకూ వేలికీ మధ్య

"ఉంగరం వదులైందేమో కనుక్కో," అన్నాడు ఫోన్లో డాక్టర్ కరుణాకరం.

క్లినిక్ నర్సు లీదియా ఇంకో ఫోను తెర మీది గీతల నుంచి చూపు తిప్పకుండానే అడిగింది. "ఉంగరం బిగుతుగా ఉందా పెదనాయనా?"

నరసింహులు వంటింటి వైపు చూశాడు. పొద్దుటి చలికి దుప్పటి మెడదాకా కప్పుకొని, మంచం మీద మూతి ముడుచుకొని కూర్చున్నాడు. వంటింట్లోంచి ఆయన భార్య ఆదిలక్ష్మమ్మే జవాబిచ్చింది.

"జారకుండా దారం చుట్టినాంలేమ్మా. నువ్వు చెప్పినట్టే ఒక్క నిమిషం గూడా ఆగనీలేదు."

ఒంటికి తగలకపోతే యంత్రం ఆగిపోతుందని, ఆగితే మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవాలని నిన్న లీదియానే గట్టిగా చెప్పి వెళ్ళింది.

నరసింహులు మార్కాపురంలో పలకల కోత మిషన్ మీద పనిచేస్తాడు. నెల రోజులుగా దగ్గు. భార్య పోరు పడలేక క్లినిక్‌కు వచ్చాడు. డాక్టర్ ఛాతీకి ఒక పట్టీ, వేలికి ఒక ఉంగరం ఇప్పించాడు. గుండె కొట్టుకోగానే పట్టీ తెర మీద ఒక గీతను లేపుతుంది. గుండె తోసిన రక్తం వేలికి చేరగానే ఉంగరం కింద ఇంకో గీతను లేపుతుంది. మధ్యలో ఎంతసేపు పట్టిందన్నదే లెక్క. పని మానకుండా ఒక పగలూ ఒక రాత్రీ పెట్టుకొని ఉండాలి.

పై గీత గడియారంలా నడుస్తోంది. కింది గీత మాత్రం రెండుసార్లు గెంతి, ఒకసారి ఆగి, మళ్ళీ గెంతుతోంది.

"ఏంది పాపా, ఉంటానా, పోతానా?" అన్నాడు నరసింహులు.

"పొద్దున్నే ఏం మాటలవి!" ఆదిలక్ష్మమ్మ వేడి టీ గ్లాసును కొంగుతో పట్టుకొని వచ్చింది. "పెండ్లినాటి ఉంగరమే ఒక్క పూట పెట్టుకోని మనిషమ్మా ఈయన. నా మాట ఏనాడు విన్నాడు?"

"మేస్త్రీ ఒప్పుకోడే. మిషన్‌లో ఏలు పోతే నీది ఇస్తావా?"

లీదియా నవ్వలేకపోయింది. "సార్, కింది గీత ఇంకా అట్లనే ఉంది. రాత్రంతా కూడా అంతే."

డాక్టర్ తొందరపడ్డాడు. "పట్టీ సరిగ్గా అంటుకోలేదేమో. కింది గీతే నిజమైతే మాత్రం ఆలస్యం చేయకూడదు. 108కి చెయ్యి. పెద్దాసుపత్రికి పోవాల."

ఆ మాట ఆదిలక్ష్మమ్మకు వినపడింది. గ్లాసు కింద పెట్టి లోపలికి పరుగెత్తింది. సంచి తెచ్చింది. లుంగీ, తువ్వాలు, ఆధార్ కార్డు. మళ్ళీ లోపలికి. మళ్ళీ బయటికి.

కింది గీత ఒక్కసారిగా ఉరుకు అందుకుంది.

"కదలొద్దు పెదనాయనా!"

"నేనెక్కడ కదిలినా? కూచున్నోడిని కూచున్నట్టే ఉంటి. నాకేం కాలేదంటే మీరు ఇనరు."

"కూర్చున్న మనిషికి ఇంత పరుగేంది?" లీదియా తనలో తనే అనుకుంది. ఇంతవరకు ఎవరి గీతలూ ఇట్లా లేవు.

ఆదిలక్ష్మమ్మ సంచి ఒళ్ళో పెట్టుకొని గడప మీద కూలబడింది. "ఆయనకేం... కాదు గదమ్మా?"

"ఏం కాదు. నువ్వు ముందు మంచినీళ్ళు తాగు పెద్దమ్మా. ఆయాసపడుతున్నావు."

"నాదేముందమ్మా, నాలుగడుగులు ఏస్తే ఇంతే. వయసు. ఆయన్ని చూడు."

లీదియా చెంబు అందించి, తెర వైపు తిరిగింది. ఆదిలక్ష్మమ్మ నీళ్ళు తాగి గోడకు ఆనుకుంది. కింది గీత నెమ్మదించింది. గెంతడం మాత్రం మానలేదు.

"కొంచెం తగ్గింది సార్."

సందు మొదట్లో అంబులెన్సు మోత వినిపించింది. నరసింహులు విసుక్కుంటూ లేచాడు. "పనికి పోవాల్సినోడిని పట్టుకొని..."

"లీదియా, ఎక్కించే ముందు ఆ ఉంగరాన్ని రెండో చేతికి మార్చి చూడు," అన్నాడు డాక్టర్.

ఆమె చెయ్యి చాపింది. "ఉంగరం ఇట్లియ్యి పెదనాయనా."

నరసింహులు భార్య వైపు చూశాడు.

ఆదిలక్ష్మమ్మ తన వేలి నుంచి దారం చుట్టిన ఉంగరం తీసింది.