కొండ ఎదుగుతోందన్న ఎలుగుబంటి

కొండ ఏటేటా ఎత్తు పెరుగుతోందని గుబురయ్య అనే ఎలుగుబంటికి గట్టి నమ్మకం. కొండకి అవతల చెదపుట్టలు మెండుగా ఉన్నాయని కూతురు బూరిని అక్కడ పెద్దమ్మ దగ్గర పెంచుతున్నాడు. పిల్ల తిన్నదో లేదోనని ఒకటే బెంగ. చూడ్డానికి బయల్దేరే ముందు బలం కోసమని, రాతిగుంటలో ఇప్పపూలు పులిసిన నీళ్లు కడుపారా తాగేవాడు. ఆ బలంతో సగం కొండ ఎక్కి, కూలబడి, ఓ నిద్ర తీసి, పొద్దుగుంకాక చేరేవాడు.

ఈసారి అదీ లేదు. సగంలోంచి కిందికి దొర్లాడు.

కొండ కింద ఉండే ఏదుపంది అది చూసి పగలబడి నవ్వింది. "ఎదుగుతున్నది కొండ కాదు మామా, నీ పొట్ట! ఒక్క నెల ఆ గుంట మొహం చూడకు."

"పిల్ల కోసం ఏదైనా మానేస్తాను" అని గొప్పగా అనేసి, అన్నందుకు రోజంతా ఏడ్చాడు గుబురయ్య. మానేసినందుకు పట్టుకున్న తలపోటు మెల్లగా పోయింది. రాత్రి నిద్ర పట్టింది. నెల తిరిగేసరికి ఎక్కడా ఆగకుండా కొండ దాటేసి, "అరె, కొండ కుంగిపోయిందే!" అనుకున్నాడు.

బూరి అతన్ని వాసన చూసి పెద్దమ్మ వెనక్కి నక్కింది. "ఈయనెవరు? మా నాన్న దగ్గర పులిసిన పూల వాసన వస్తుంది."

గుబురయ్య మొహం వేలాడేసుకున్నాడు. పిల్లకి తను మిగిల్చిన గుర్తు అదొక్కటే.

"నిజమే తల్లీ. మీ నాన్న దారిలో ఎక్కడో పడి నిద్రపోతుంటాడు. లేచొచ్చేదాకా నన్ను ఉండనిస్తావా?"

"నీకు చెట్టెక్కడం వచ్చా? ఆయనకి రాదు."

"వచ్చు. నేర్పుతాను."

"అయితే ఆయన్ని లేపకు" అంది బూరి.