కోడ్ చెప్పండమ్మా

నీళ్ళ ఆఫీసు ఫిట్టరు ఫోన్‌లో కొత్త ఫిర్యాదు మోగింది. ఎవరింట్లోనో కుళాయి కారుతోందట. యాప్ వచ్చాక పేర్లూ నంబర్లూ కనబడవు, మ్యాపు మీద ఒక గుర్తు తప్ప. ఇవాళ్టి గుర్తు అతని వీధిలోనే ఉంది.

గంటలో బాగుచేయాలి. చేశాక, ఫిర్యాదు పెట్టినవాళ్ళ ఫోన్‌కి వచ్చే కోడ్ వాళ్ళు చెబితేనే పని అయినట్టు.

ఈ చివర నుంచి ఆ చివరదాకా, తన ఇల్లు తప్ప అన్ని తలుపులూ తట్టాడు. మాది కాదంటే మాది కాదన్నారు. విసిగిపోయి యాప్‌లోంచే ఫోన్ కలిపాడు.

"నమస్కారమండీ, నీళ్ళ ఆఫీసు నుంచి. మీ ఇల్లెక్కడండీ?"

"అబ్బో! నాతో ఎన్నడైనా ఇంత మర్యాదగా మాట్లాడారా?" అంది అవతలి నుంచి అతని భార్య.

ఒక్క అంగలో ఇంట్లో పడ్డాడు. "నాకు నోటితో చెబితే పోయేదిగా!"

"నెల్లాళ్ళుగా చెబుతూనే ఉన్నాను. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశారు."

అతను సంచీలోంచి పానా తీసి, కుళాయి తిప్పి కట్టేసి చూశాడు. ఒక్క బొట్టు కారలేదు.

"బాగానే ఉందే!"

"నిన్ననే నేను వాషర్ మార్చేశాను."

"మరి కంప్లైంట్ ఎందుకు పెట్టావ్? కోడ్ చెప్పు, టైమైపోతోంది!"

ఆమె కంచం ముందుకు జరిపింది. "భోజనానికి రమ్మంటే ఏ రోజూ రారు. యాప్‌లో పెడితే గంటలో ఊడిపడ్డారు. కూర్చోండి, తిన్నాక చెబుతాను."

మర్నాడు మధ్యాహ్నం ఏ ఫిర్యాదూ రాలేదు. చూసి చూసి, అతనే ఇంటికి ఫోన్ చేశాడు.

"నమస్కారమండీ, నీళ్ళ ఆఫీసు నుంచి. మీ కుళాయి ఏమైనా కారుతోందాండీ?"