ఈ మసి ఎవరిది

బట్టలుతికి ఇస్త్రీ చేసే పిన్ని ప్లాస్టిక్ చెత్త కాల్చే ప్లాంటుకి వచ్చి, తన పక్కింట్లోనే ఉండే ఆపరేటర్ బల్ల మీద తెల్ల దుప్పటి విసిరికొట్టింది. దాని నిండా మసి.

"నాలుగుసార్లు ఉతికా. మీరు ప్లాస్టిక్ తగలబెట్టుకోడానికి నా గిరాకీలు పోవాలా?"

షిఫ్టు వాళ్లంతా పని ఆపి చూస్తున్నారు. ఆపరేటర్‌కి ఒళ్లు మండింది.

"నోటికొచ్చినట్టు వాగకు పిన్నీ. మసి ఫిల్టర్లు దాటదు. కార్బన్ డయాక్సైడ్‌ని కూడా గాల్లోకి వదలకుండా ట్యాంకుల్లో పట్టేస్తాం."

"ఇలాంటి కబుర్లు చాలా విన్నాలే."

అతను ఆమెని పొగగొట్టం మీటరు ముందుకి లాక్కెళ్లినంత పని చేశాడు.

"కళ్లు పెట్టుకుని చూడు. మసి సున్నా. ఏడాదిగా ఇంతే. ఇది మాది కాదని ఎవరి ముందైనా చెప్తా."

"రాసిస్తావా?"

అతను విసురుగా కాగితం లాగి రాశాడు. సంతకం చేసి, ప్లాంటు ముద్ర కూడా గుద్ది ఆమె చేతిలో పెట్టాడు.

పిన్ని కాగితం మడిచి బొడ్లో దోపుకుంది. దుప్పటి చంకన పెట్టుకుంది.

"మీ పెరట్లో రోజూ ప్లాస్టిక్ కవర్లు తగలబెడుతోంది మీ అమ్మ. మానమంటే, 'అది ప్లాంటు పొగ, పోయి మావాణ్ణి అడుగు' అంది. అడిగాను. ఇక పద, ఇది ఆవిడకి నువ్వే చదివి వినిపిద్దువుగాని."