రెండు రింగులు

"ఎత్తకండి సార్!"

స్వాతి అరిచిన అరుపుకి మేనేజర్ రంగనాథ్ చెయ్యి ఫోను మీదే ఆగిపోయింది. ఫోను రెండోసారి మోగి ఊరుకుంది. స్వాతి గడియారం చూసింది. పదకొండు దాటి నాలుగు నిమిషాలు. హమ్మయ్య అనుకుంటూ కుర్చీలో కూలబడింది.

"ఎవరమ్మా? పెళ్ళిచూపులవాళ్ళా?" అన్నాడు రంగనాథ్.

"మా అక్క సార్, కర్నూలు నుంచి. ఎత్తితే ఎస్టీడీ బిల్లు పడుతుంది. రెండు రింగులిచ్చి పెట్టేసిందంటే బాగున్నట్టు."

అక్క రాజరాజేశ్వరికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఆసుపత్రిలో చేరి మూడు వారాలైంది. తల్లి లేని స్వాతిని పెంచి, చదివించి, హైదరాబాద్ బస్సెక్కించింది ఆవిడే. "నా కాళ్ళతో నేను ఎస్టీడీ బూతు దాకా పొయ్యేంత వరకు దినామూ పదకొండుకి రింగులిస్తా. రాకుంటే నువ్వు బస్సెక్కు" అంది. ఆ రింగులు విన్నాకే స్వాతి ఏ పనైనా మొదలుపెట్టేది.

"రెండు రోజులు సెలవిస్తే చూసొస్తాను సార్. మనసేం బాలేదు."

"గురువారం డెమో అయ్యాక నాలుగు రోజులు తీసుకో. ఈ పని నీ ఒక్కదానికే తెలుసు. సింగపూర్ వాళ్ళ ముందు పరువు పోయిందంటే అందరం తట్టాబుట్టా సర్దుకోవడమే."

మేనేజర్లకి ఎప్పుడూ ఇంకో రెండు రోజులే కావాలి. ఒక మిషను పోతే ఇంకోటి సిద్ధంగా ఉండాలని అంత తాపత్రయపడే కంపెనీలో, స్వాతి కుర్చీలో కూర్చోడానికి మాత్రం ఇంకో మనిషి లేడు!

పనంతా రెండు మిషన్ల మధ్యే. సింగపూర్ ఓడల కంపెనీ బుకింగులు ఒక సర్వర్ మీద నడుస్తాయి. పక్కన రెండోది ఖాళీగా కూర్చుని ఉంటుంది. మొదటిది ఐదు సెకన్లకోసారి 'బతికే ఉన్నా' అని రెండోదానికి కబురు పంపాలి. వరసగా మూడుసార్లు రాకపోతే అది పోయినట్టే లెక్క, రెండోది లేచి పనందుకోవాలి. దీన్నే ఫెయిలోవర్ అంటారు.

ఆ మంగళవారం మధ్యాహ్నం స్వాతి మొదటి సర్వర్ కరెంటు పీకింది. రెండోది ఉలకలేదు, పలకలేదు. సాయంత్రం దాకా వెతికితే దొంగ దొరికాడు. పరీక్ష కోసం ఇంకో కంప్యూటర్‌లో తను రాసిన ప్రోగ్రామే, మొదటిదాని పేరుతో కబుర్లు పంపుతూ కూర్చుంది. దాన్ని ఆపేసింది.

రంగనాథ్ క్యాబిన్ నుంచి ఇంటర్‌కంలో స్వాతి ఫోనుకి చేసి అడిగాడు. "అయితే మొదటిది చచ్చినా రెండోదానికి తెలీలేదన్నమాట?"

"కబురొస్తోంది కదా సార్. ఎవరు పంపుతున్నారో ఇది చూడదు. వస్తే చాలు, నమ్మేస్తుంది."

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర వాచ్‌మన్ కొమురయ్య స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. ఆమెని చూసి ఎప్పుడూ లేవని మనిషి. "మేడం..." అని ఏదో అనబోయాడు. అంతలో రంగనాథ్ మెట్ల మీంచి కేకేశాడు. "కొమురయ్యా! బాలానగర్ పోయి యూపీఎస్ బ్యాటరీలు పట్రా. ఇప్పుడే!"

పదకొండైంది. ఇంకో పది నిమిషాలూ గడిచాయి. ఫోను మోగలేదు. బయట మాదాపూర్ బండలు పేలుస్తుంటే కిటికీ అద్దాలు అదురుతున్నాయి. పదకొండుంపావు కాగానే స్వాతి బ్యాగు భుజాన వేసుకుంది.

"నేను పోతున్నా సార్. రింగులు రాలేదు."

"బూతు దగ్గర జనం ఉన్నారేమోనమ్మా. ఐదు నిమిషాలు కూర్చో. సింగపూర్ వాళ్ళకి ఒక మాట చెప్పి వచ్చి, నేనే నిన్ను బస్సెక్కిస్తా." రంగనాథ్ క్యాబిన్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఫోను మోగింది. ఒకటి. రెండు. ఆగిపోయింది.

స్వాతి టేబుల్ మీద తల వాల్చి ఏడ్చేసింది. ఎంత భయపెట్టావే అక్కా!

"వచ్చాయా?" తలుపు తీసి అడిగాడు రంగనాథ్.

"వచ్చాయి సార్."

"చెప్పానా! ఊరికే కంగారు పడతావు."

గురువారం సింగపూర్ వాళ్ళు ముగ్గురొచ్చారు. పదకొండుకి నిమిషం ముందు రంగనాథ్ "ఒక ఫైలు తెస్తా" అంటూ క్యాబిన్‌లోకి వెళ్ళాడు. సరిగ్గా పదకొండుకి రెండు రింగులు. అక్క ఎప్పుడూ ఇంత ఠంచనుగా ఇచ్చింది లేదు. ఒంట్లో కాస్త ఓపిక వచ్చినట్టుంది. స్వాతికి ప్రాణం లేచొచ్చింది. ఆ ఉత్సాహంతోనే వెళ్ళి మొదటి సర్వర్ కరెంటు పీకింది.

ఐదు సెకన్లు. పది. పదిహేను. రెండోది లేచింది. తెర మీద బుకింగులు ఆగకుండా సాగిపోతున్నాయి.

"మొదటిది పోయినట్టు మాకు తెలియనే లేదు!" అంటూ వాళ్ళు చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. రంగనాథ్ మాత్రం స్వాతి మొహంలోకి చూడలేదు.

"ఆఫీసు కారు పెట్టించా. ఇప్పుడే బయల్దేరు. వారం రోజులుండి రా" అన్నాడు నేల చూస్తూ.

"నాలుగు రోజులన్నారు కదా సార్?"

"వారం ఉండమ్మా."

"మీ మేలు మర్చిపోను సార్." స్వాతికి కళ్ళు చెమర్చాయి. ఇంత మంచి మనిషిని మనసులో ఎంతలా తిట్టుకుంది!

కింద కొమురయ్య కారు తలుపు తీసి పట్టుకున్నాడు. "ఇయ్యాల పోతున్నరా మేడం?"

"అవును కొమురయ్యా. పనైపోయింది కదా."

"నిన్ననే పోతరనుకున్న."

"నిన్నెలా పోతాను? డెమో అయ్యేదాకా సెలవు లేదుగా."

కొమురయ్య కారు తలుపు వదిలేసి దగ్గరికొచ్చాడు.

"ఏంది మేడం, గిట్లంటరు? మీ అక్క చనిపోయిందని మొన్న రాత్రి ఆఫీసుకు ఫోనొస్తే, నిన్న పొద్దుగాలనే సారుకు చెప్పిన గద!"