ఇన్నవా, బాయీ?

"ఆత్మారాంను మాట్లాడుతున్న. గేట్లు బంద్ ఉన్నయ్."

ఆత్మారాం మీట వదిలి వాకీటాకీ సెట్టును చెవికి ఆనించుకున్నాడు.

అవే మాటలు మళ్లీ వచ్చాయి. గొంతు వేరు.

"ఆత్మారాంను మాట్లాడుతున్న. గేట్లు బంద్ ఉన్నయ్. ఇన్నవా, బాయీ?"

కాసేపటికి టక్, టక్ మని చప్పుడు.

పంచాయతీ అరుగు మీద కూర్చున్నవాళ్లు పగలబడి నవ్వారు.

"మనూర్ల ఇద్దరు ఆత్మారాంలైండ్రు," అన్నాడు ఆశన్న. "అస్లీ ఎవలో, నక్లీ ఎవలో!"

"మన మాటే తిరిగొచ్చి గూంజు గొడ్తుందే, సెట్టు ఖరాబైనట్టుంది."

"గూంజు బాయీ అంటదా? కింది ఊర్ల సెట్టు ముత్యం కాడున్నది. మీసాలోన్ని పట్టుకొని బాయీ అంటుండు ఎవడో!"

మళ్లీ నవ్వులు. ఆత్మారాం నవ్వలేదు.

ఆ వానాకాలమే మంజీర వెంట ఊళ్లకు సెట్లు ఇచ్చారు. నిజాంసాగర్ డ్యాం గేట్లు ఎత్తితే పై ఊరికి, అంటే ఆత్మారాం ఊరికి, ఫోన్ వస్తుంది. ఆత్మారాం ఆ మాటను సెట్టులో కింది ఊరికి అందించాలి. అక్కడ ఏటి నడుమ దిబ్బ మీద పచ్చిక మొలుస్తుంది. ముత్యం బర్రెలను దానిమీదే మేపుతాడు. మాట అందితే ఒడ్డుకు వస్తాడు.

విన్నవాళ్లు మీట రెండుసార్లు నొక్కాలి. టక్ టక్ అంటే అందినట్టు.

రెండు ఊళ్ల నడుమ, చెరకు తోటల్లో, చిన్నయ్య బెల్లం బట్టీ ఉంది. అక్కడా ఒక సెట్టు ఇచ్చారు; ఎందుకో ఆత్మారాంకు ఎవరూ చెప్పలేదు. చిన్నయ్య దాన్ని ఎవరో పరాయివాడి చేతిలో పెట్టి బోధన్ వెళ్లిపోయాడని ఆశన్నే చెప్పాడు.

ఆత్మారాం సైకిల్ తీశాడు.

బట్టీ చల్లారి ఉంది. చెరకు పిప్పి కుప్ప కొనమీద, తుంపరలో, ఒక మనిషి గొంగడి కప్పుకొని కూర్చున్నాడు. తాను తడుస్తున్నాడు గానీ సెట్టుకు మాత్రం ప్లాస్టిక్ కవరు చుట్టాడు. నిరుడు చెరకు నరకడానికి నాందేడ్ దిక్కు నుంచి వచ్చిన గుంపులో మిగిలిపోయినవాడు.

"దిగు! నువ్వేనా నా పేరు వెట్టుకొని మాట్లాడేది?"

"హో, దాదా."

"సిగ్గు లేదా?"

"నువ్వేదంటే నేనదే అన్న. నా పేరు అనలే."

"మరి బాయీ ఎవలు?"

"తెల్వదు. గొంతు ఇన్న గని ఎన్నడు సూడలే."

"సూడని ఆడదాంతోని సరసమా? సర్కారు సెట్టుల?"

ఆ మనిషి మాటల కోసం తడుముకున్నాడు. వచ్చిన తెలుగు చాలలేదు. ఒక చెయ్యి పై ఊరి దిక్కు, ఇంకో చెయ్యి కింది ఊరి దిక్కు చాపాడు. తరువాత తన ఛాతీ ముట్టుకున్నాడు.

"నాటకాలు బంద్ చెయ్," అని ఆత్మారాం సెట్టు లాక్కున్నాడు.

"బాయి ఎదురుసూస్తది, దాదా. తీస్కపోతె తీస్కపో. గని నువ్వు గిక్కడ కూసో. గీ కుప్ప మీద."

తనను పిప్పి కుప్పకు కావలి ఉండమంటున్నాడు! ఆత్మారాం చెయ్యి లేచింది. చెంప మీద పడింది.

ఆ మనిషి గొంగడి పిండుకొని, భుజాన వేసుకొని, బోధన్ రోడ్డు పట్టాడు.

ఆత్మారాం ఊరు చేరేసరికి పంచాయతీలో ఫోన్ మోగుతోంది.

గేట్లు ఎత్తారు.

"ఆత్మారాంను మాట్లాడుతున్న! గేట్లు ఎత్తిండ్రు! దిబ్బ మీదోళ్లు ఒడ్డుకు రాండ్రి!"

మీట వదిలాడు. ఏ గొంతూ తిరిగి రాలేదు.

"ఇయ్యాల సాఫ్ ఉంది," అన్నాడు ఆశన్న మెచ్చుకోలుగా.

టక్ టక్ కూడా రాలేదు.

మళ్లీ పిలిచాడు. రాలేదు. అరుగు దిగి, చావడి మెట్లెక్కి పిలిచాడు. గొంతు బొంగురుపోయింది. ఆశన్న నవ్వు ఆగిపోయింది. ఆత్మారాం సైకిలెక్కి కింది ఊరికి బయలుదేరాడు. బట్టీ దాటకముందే కాలువ తెగి దారి మీద పారుతోంది. నడుముల్లోతుకు దిగి, నిలవలేక, వెనక్కి వచ్చాడు.

నీళ్లు తీశాక వెళ్లాడు.

దిబ్బ లేదు. రెండు బర్రెలు తుమ్మకంపకు చిక్కి ఉన్నాయి. ముత్యం దొరకలేదు. ఒడ్డున అతని తల్లి భీమవ్వ కూర్చొని ఉంది. ఒళ్లో, కొంగు చుట్టిన సెట్టు.

ఆత్మారాం ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, నేను పిలిసిన. గొంతు వోయేదాక పిలిసిన."

"నువ్వెవలు బిడ్డా?"

"ఆత్మారాంను."

భీమవ్వ తల ఎత్తి అతని నోటి దిక్కు చూసింది.

"మల్లొకపారి అను."

"ఆత్మారాంను అవ్వా. పై ఊరు."

"కాదు," అంది. "నీ గొంతు నేనెన్నడు ఇనలే."

భీమవ్వ ఒళ్లోని సెట్టును దగ్గరికి తీసుకుంది.

"ఆయన గొంతు నాకెర్కనే. సెట్టు తడుస్తదని నా కొడుకు నా కాడనే వెట్టి పోతుండె. ఆత్మారాం నన్ను బాయీ అంటడు. నేను మీట నొక్కేదాక ఇడువడు. ఆయన చెప్తె నేను ఒడ్డు మీదికెల్లి కూతేస్తుంటి. పోరడు వస్తుండె."

ఆమె చెయ్యి చాపి అతని మణికట్టు పట్టుకుంది.

"పై ఊరోనివంటివి గద. ఆయన ముచ్చట నీకేమన్న తెలుసా? ఆ దినం పిలుపు రాలే. నా కొడుకు లెక్కనే ఆయన గూడ ఏట్ల వోయిండేమో బిడ్డా... పానంతోని ఉంటె, ఆత్మారాం నన్ను పిలువకుండునా?"