వెనక బెంచీ అంకుల్

"మేడమ్, ఐ హావ్ ఎ డౌట్!"

వెనక బెంచీ నుంచి మళ్ళీ అదే గొంతు. క్లాసంతా కిసుక్కున నవ్వింది.

మృదుల సిగ్గుతో తల దించుకుంది. కెనడాలో, విన్నిపెగ్‌లోని ఆ హైస్కూల్లో, పన్నెండో తరగతి ఐటీ వొకేషనల్ కోర్సులో తెలుగువాళ్ళు ముగ్గురే. తను, ఇక్కడే పుట్టిన బన్నీ, ఈ కోదండరామ్ అంకుల్. తల ముగ్గుబుట్టయినా పిల్లల మధ్య కూర్చుని ఈయన నేర్చుకునేదేమిటో!

"రౌటర్‌కీ స్విచ్‌కీ తేడా ఏమిటో ఇంకోసారి చెప్తారా?" అని ఇంగ్లీషులో అడిగాడాయన.

బ్రెండా మేడమ్ విసుక్కోలేదు. బొమ్మ గీసి మరీ చెప్పింది.

మృదుల చకచకా రాసుకుంది. నిజం చెప్పాలంటే ఆ తేడా తనకీ తెలియలేదు. అడిగితే తన ఇంగ్లీషు విని నవ్వుతారని భయం.

వింతేమిటంటే, తనకి ఎక్కడ చిక్కుపడితే ఆయనకీ సరిగ్గా అక్కడే! హమ్మయ్య, నాకంటే మొద్దు ఒకరున్నారు అనుకునేది.

ఈ కోర్సు గట్టెక్కితేనే కాలేజీలో సీటు. వాళ్ళని ఈ దేశానికి తెచ్చిన స్టడీ పర్మిట్, అంటే చదువు వీసా, తల్లి హైమావతిది. ఆవిడ చదువుకుంటూ, సెలవుల్లో షాపులో నిలబడి పనిచేస్తూ, కూతురి సీటు మీదే ప్రాణాలన్నీ పెట్టుకుంది.

"మీ అంకుల్ ఈజ్ సో ఎంబరసింగ్!" అన్నాడు బన్నీ లంచ్ టైములో.

"నాకేం చుట్టం కాదు!" అంది కానీ, మృదులకి ఒళ్ళు మండింది.

సాయంత్రం బస్‌స్టాప్‌లో ఆయన్నే అడిగేసింది.

"అంకుల్, ఈ వయసులో మీకెందుకు ఈ క్లాసులు?"

"ఇంట్లో ఏం తోస్తుందమ్మా?" అని నవ్వాడు కోదండరామ్.

"ఏమనుకోకండి. ఆ డౌట్లు మాత్రం అడక్కండి. మన పరువు పోతోంది."

ఆయన నవ్వు ఆగిపోయింది.

"నీకు ఇబ్బందిగా ఉందా అమ్మాయ్?"

"చాలా."

"సరే, అడగన్లే. మరి నువ్వు అడుగుతావా?"

"నాకేం డౌట్లు లేవు!"

ఆయన ఇంకేదో అనబోయాడు. ఇంతలో బస్సొచ్చింది.

మర్నాడు ఐపీ అడ్రస్‌ల పాఠం. మధ్యలో మృదుల పెన్ను ఆగింది. అంకుల్ అడుగుతాడేమోనని వెనక్కి తిరిగింది. ఆయన చేతులు కట్టుకుని, అడుగు అన్నట్టు తనకేసే చూస్తున్నాడు. చటుక్కున ముఖం తిప్పుకుంది.

వారం తిరిగేసరికి వెనక బెంచీ ఖాళీ అయింది. ఆ తర్వాత చెప్పిన పాఠం ఒక్కటీ మృదుల తలకెక్కలేదు. పరీక్ష తప్పింది.

బ్రెండా మేడమ్ పిలిచి కూర్చోబెట్టింది.

"ఇంకొక్కసారి రాయనిస్తాను. అదే ఆఖరు. నీకు అర్థం కానిదేమిటో చెప్పు."

మృదులకి ఏడుపొచ్చేసింది.

"ఆ అంకుల్ని రమ్మనండి మేడమ్. ఆయన అడిగితే నాకూ అర్థమయ్యేది."

"ఇక రారు. ఓక్‌విల్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. నువ్వు పాసయ్యాకే వెళ్తానన్న మనిషి, ఎందుకో ముందే వెళ్ళారు."

"నేనా? నేను పాసైతే ఆయనకేంటి మేడమ్? పాపం, ఆయనకే ఏమీ అర్థమయ్యేది కాదు కదా!"

బ్రెండా ఆమెకేసి వింతగా చూసింది.

"మృదులా, నేను ఇదే గదిలో స్టూడెంట్‌గా ఉన్నప్పుడు నాకు ఈ పాఠాలన్నీ చెప్పిన మాస్టారు ఆయన, నీ పెన్ను ఆగినప్పుడల్లా ఆయన చెయ్యి లేచేది, నువ్వెప్పుడూ చూడలేదా?"